ప్రశ్న - జవాబు: వెయ్యి మంది ఉన్న గ్రూపులో పలికేదెవరు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బెంగళూరు తెలుగువాళ్ళ ఆన్‌లైన్ గ్రూపుల గురించే. అపార్ట్‌మెంటు గ్రూపు, ఏరియా గ్రూపు, ఊరివాళ్ళ గ్రూపు... పేరేదైనా నడిపేవాళ్ళ గోడు ఒక్కటే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ప్రాంతం మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మారతహళ్ళి చుట్టుపక్కల తెలుగువాళ్ళ కోసం నాలుగేళ్ళ కిందట వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఇప్పుడు 900 మంది దాటారు. పొద్దున శుభోదయాలు, మధ్యాహ్నం ఫార్వర్డులు, సాయంత్రం చీరల ఫోటోలు. ఎవరైనా నిజంగా సాయం అడిగితే పలికే దిక్కు లేదు. ఈ గ్రూపును బాగుచెయ్యొచ్చా, మూసేసి కొత్తది పెట్టాలా? (మారతహళ్ళి)

జవాబు: మూసెయ్యకండి. ముందు రోగం ఏ మేరకు ముదిరిందో చూడాలి. గ్రూపును 30 రోజులు వెనక్కి జరుపుకుంటూ వెళ్ళండి. నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీసి, ఒకదాంట్లో అడిగిన ప్రశ్న, రెండోదాంట్లో జవాబిచ్చిన మనిషి, మూడోదాంట్లో ఎన్ని గంటలకు జవాబొచ్చిందో రాయండి. రెండు గంటల పని, అంతే. సభ్యుల సంఖ్య, రోజుకొచ్చే మెసేజీల సంఖ్య చూసి మురిసిపోయే అడ్మిన్లే ఎక్కువ. గ్రూపు బతికుందో లేదో చెప్పేది మాత్రం ఆ మూడో గడి. సగానికి పైగా ప్రశ్నలకు 24 గంటల్లో జవాబు దొరికితే గ్రూపుకు ప్రాణం ఉన్నట్టే, మిగతాదంతా చెత్త ఊడ్చుకోవడం. సగం కూడా లేకపోతే, అడిగేవాళ్ళు అడగడం మానేసే రోజు దగ్గర్లో ఉంది.

900 మందిలో పలికేవాళ్ళు ఇంత తక్కువేమిటని దిగులు పడనక్కర్లేదు. ఆన్‌లైన్ సమూహాల్లో నూటికి 90 మంది చదివి ఊరుకుంటారని, 9 మంది ఎప్పుడో ఒకసారి రాస్తారని, ఎక్కువ భాగం రాసేది ఆ మిగిలిన ఒక్కరేనని వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధించిన జాకబ్ నీల్సన్ 2006లోనే చెప్పాడు. కచ్చితమైన కొలత అనుకోకండి, ఉజ్జాయింపు లెక్క. ఆ లెక్కన మీకు రోజూ రాసేది ఓ తొమ్మిది మంది. వాళ్ళెవరన్నదే అసలు సంగతి. మీ గ్రూపులో ఆ తొమ్మిది మందీ శుభోదయాలు పంపేవాళ్ళు, చీరలమ్మేవాళ్ళు. ఆ చోట్లో జవాబు చెప్పేవాళ్ళను కూర్చోబెట్టాలి.

వాళ్ళు మీ నోటుపుస్తకంలో రెండో గడిలోనే ఉన్నారు. ఎప్పుడో ఒకసారి వచ్చి, ట్యాంకరు నీళ్ళ గురించో ఆధార్‌లో అడ్రసు మార్చడం గురించో నాలుగు పనికొచ్చే మాటలు చెప్పి వెళ్ళిపోయినవాళ్ళు. ఒక్కొక్కరికీ ఫోన్ చెయ్యండి. మెసేజీ పెడితే పనవదు, ఫోనే చెయ్యాలి. "ఆ రోజు మీరు చెప్పిన సంగతి చాలామందికి పనికొచ్చిందండీ. ఇకమీదట నీళ్ళ విషయం ఎవరడిగినా మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తాం, పర్లేదా?" అనండి. మనిషికి ఒకే విషయం అప్పగించండి. "అన్నీ మీరే చూసుకోండి" అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకున్నా నెలకే మాయమవుతారు. ఎనిమిది పది విషయాలకు మనుషులు కుదిరితే చాలు. ఆ తర్వాత రోజూ రాత్రి తొమ్మిదికి ఒక అడ్మిన్ ఆ రోజు ప్రశ్నల్ని ఒకసారి చూసి, జవాబు రానివాటి కింద తగిన మనిషి పేరు తగిలించాలి. తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే ఆ మాటే రాయండి: "దీని సంగతి తెలిసినవాళ్ళు మనలో ఇంకా దొరకలేదండీ, రేపు మళ్ళీ అడుగుదాం." మౌనం కన్నా ఈ ఒక్క వాక్యం వెయ్యి రెట్లు నయం.

అడిగే తీరు కూడా మారాలి. "ఇల్లు కావాలి, తెలిస్తే చెప్పండి" అంటే ఎవరేం చెబుతారు? "రెండు బెడ్‌రూములు, కుందలహళ్ళి గేటుకు రెండు కిలోమీటర్ల లోపు, అద్దె 30 వేలకు మించకూడదు, నలుగురం, జూన్ 1 నుంచి, కావేరి నీళ్ళుంటే మేలు" అంటే చదివినవాడికి తన ఎదురింటి పైఅంతస్తు ఠక్కున గుర్తొస్తుంది. ఇలాంటి నమూనాలు ఇల్లు, పనిమనిషి, డాక్టరు, బడి విషయాలకు తలా ఒకటి రాసి, అన్నీ ఒకే మెసేజీలో పెట్టి, గ్రూపు పైన కనబడేలా పిన్ చెయ్యండి. వాట్సాప్‌లో పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే నిలుస్తుంది. నెలకోసారి మళ్ళీ పెట్టే పని ఎవరిదో ముందే అనుకోండి.

శుభోదయాలను నిషేధించకండి. ఆ పంపేవాళ్ళలో చాలామంది పిల్లల దగ్గరకొచ్చి పగలంతా ఫ్లాటులో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు. వాళ్ళకు "కబుర్లు" అని వేరే గది ఇవ్వండి. వాట్సాప్ కమ్యూనిటీ (కొన్ని గ్రూపుల్ని ఒకే గొడుగు కింద ఉంచే ఏర్పాటు) కింద ప్రకటనలు, సాయం, కబుర్లు అని మూడు గ్రూపులు చాలు. అమ్మకాలకు "కబుర్లు"లోనే ఆదివారం ఒక్కరోజు వదలండి: ఒక ఫోటో, ధర, ఏరియా. ఉత్సాహం కొద్దీ ఒకేసారి పది గ్రూపులు తెరిచినవాళ్ళకు ఒక్కో దాంట్లో నలభై మంది, పదింటిలోనూ నిశ్శబ్దమే మిగులుతుంది.

ఇంకొకటి. 1,024 మంది కాగానే వాట్సాప్ గ్రూపు తలుపు మూసుకుంటుంది. అప్పుడు అందరూ "మారతహళ్ళి తెలుగు-2" అని ఇంకొకటి తెరుస్తారు. పాతకాపులంతా ఒకటో దాంట్లో, కొత్తగా ఊళ్ళోకి దిగినవాళ్ళంతా రెండోదాంట్లో. అడిగేవాళ్ళు ఒకచోట, తెలిసినవాళ్ళు ఇంకోచోట. విడదీయాల్సి వస్తే విషయం వారీగానో వీధుల వారీగానో విడదీయండి, వచ్చిన వరస ప్రకారం మాత్రం వద్దు.

ప్రశ్న: సర్జాపుర రోడ్డులో మూడు అపార్ట్‌మెంట్ల తెలుగు తల్లులం కలిసి గ్రూపు పెట్టాలనుకుంటున్నాం. ఎంతమందితో మొదలుపెట్టాలి? లింకు అన్ని గ్రూపుల్లోనూ వేసెయ్యమంటున్నారు కొందరు. (సర్జాపుర రోడ్డు)

జవాబు: లింకు వెయ్యకండి. పదిహేను ఇరవై మందితో మొదలుపెట్టండి, అదీ ఒకరికొకరు ముఖపరిచయం ఉన్నవాళ్ళతో. తొలి రోజే మూడొందల మంది వచ్చిపడితే అందరూ అందరి ముఖం చూసి ఊరుకుంటారు.

ముందుగా గ్రూపు వివరణలో ఒక్క వాక్యం రాయాలి: ఎవరికోసం, ఏ పనికోసం. "సర్జాపుర రోడ్డు తెలుగు తల్లులు: పదేళ్ళలోపు పిల్లల బడి, వైద్యం, తెలుగు చదువు." ఇలా ఇరుగ్గా ఉంటేనే మంచిది. వంకాయల ధర, ఇంటి అద్దె ఇందులో పట్టవని చదవగానే తెలుస్తుంది.

మొదటి నెల పెట్టినవాళ్ళే నడపాలి. వారానికి మూడు ప్రశ్నలు మీ ఇరవై మందిలోనే వంతులేసుకుని అడగండి, నిజంగా కావలసినవే. ఒక చిన్న కిటుకు: జవాబు మీకు తెలిసినా మూడు గంటలు ఆగండి. పెట్టినవాళ్ళే ముందు చెప్పేస్తుంటే మిగతావాళ్ళకు అది పంతులమ్మ క్లాసులా కనిపిస్తుంది, నోరు విప్పరు. మూడు గంటలకూ ఎవరూ పలక్కపోతే అప్పుడు మీరు చెప్పండి.

కొత్తగా వచ్చిన మనిషిని ఆ రోజే పలకరించాలి. "స్వాగతం" అని పూలగుత్తి బొమ్మ పెడితే పలకరింపు కాదు. ఆమె తేలిగ్గా జవాబు చెప్పగలిగే ప్రశ్న ఒకటి అడగండి: "మీ బాబు ఏ బడండీ? బడి బస్సా, వ్యానా?" ఒక్కసారి నోరు విప్పిన మనిషికి రెండోసారి బెరుకుండదు. మొదటి వారం ఏమీ రాయనివాళ్ళు ఆ తర్వాత రాయడం అరుదు.

పరిచయాల మీద నడిచే గ్రూపుకు ఒక హద్దుంది. మనిషి నిలకడగా నిలుపుకోగల సంబంధాలు దాదాపు 150 అని మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ 1990ల్లో లెక్కగట్టాడు. ఆ అంకె మీద వాదనలున్నాయి, ఉండనివ్వండి. నూటయాభై దాటేసరికి "ఈమె ఎవరు?" అనే ప్రశ్న గ్రూపులో మొదలవుతుందన్నది మాత్రం నడిపేవాళ్ళందరికీ తెలుసు. అప్పటికి అడ్మిన్ అనుమతి లేకుండా ఎవరూ చేరకుండా సెట్టింగ్ మార్చుకోండి. చేరేముందు రెండే ప్రశ్నలు: ఏ అపార్ట్‌మెంటు, ఎవరు చెప్పారు.

పండగలకు ముందు గ్రూపుకు ఏం కావాలో ఏడాదికి సరిపడా రాసిపెట్టుకుంటే సగం శ్రమ తప్పుతుంది. ఉదాహరణకు రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సంక్రాంతికి జనవరి 11న బయల్దేరాలంటే నవంబరు 12 ఉదయం 8 గంటలకు టికెట్ కొట్టాలి. నవంబరు 11 సాయంత్రం ఈ ఒక్క వాక్యం పెట్టిన గ్రూపును ఎవరూ మ్యూట్ చెయ్యరు.

ప్రశ్న: మా గ్రూపులో ఒకాయన హీరోల అభిమానంతో మొదలుపెట్టి, రాజకీయాల మీదుగా, చివరికి కులం దాకా వెళ్ళాడు. రాత్రి పన్నెండుకు తీసేశాను. పొద్దున్నకి సగం మంది నా మీద పడ్డారు, కొందరు వెళ్ళిపోయారు కూడా. నేను చేసింది తప్పా? సభ్యులు పెట్టేదానికి చట్టం ముందు అడ్మిన్‌దే బాధ్యతా? (ఎలక్ట్రానిక్ సిటీ)

జవాబు: తీసెయ్యడం తప్పు కాదు. అర్ధరాత్రి, ఒక్కరే, ముందు మాట లేకుండా తీసెయ్యడం తప్పు.

చెరువు కింద వ్యవసాయం చేసిన ఊళ్ళు రాయలసీమలోనూ కోలారు వైపూ బోలెడు. తూము ఎత్తేదీ, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేదీ నీరుగంటి. పంటలో అతనికి ఇంత అని గింజలు కొలిచేవాళ్ళు. పక్కవాడి వంతులో గట్టు తెగ్గొట్టినవాణ్ణి మొదటిసారే ఊరినుంచి వెలివెయ్యరు. మాటతో మొదలుపెట్టి, మళ్ళీ చేస్తే తప్పు కట్టించి, అప్పటికీ వినకపోతే పెద్దల ముందు నిలబెడతారు. ఎలినార్ ఆస్ట్రమ్ అనే ఆవిడ ప్రపంచమంతటా ఇలాంటి ఉమ్మడి నీళ్ళు, ఉమ్మడి అడవులు చూసుకునే పద్ధతుల్ని పరిశీలించి, ఎక్కువకాలం నిలిచినవాటి లక్షణాల్లో ఈ మెట్టుమెట్టుగా పెరిగే శిక్ష ఒకటని తేల్చింది. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకుంది. గ్రూపులోనూ అందరిదీ ఒక ఉమ్మడి సొత్తుంది: సభ్యులంతా రోజూ ఫోన్ తెరిచి చూసే ఐదు నిమిషాలు. అడ్మిన్ పని నీరుగంటి పనే.

మెట్లు ఇవి పెట్టుకోండి. మొదటిసారి మెసేజీ తొలగించి, ఆ మనిషికి విడిగా రాయాలి. వాట్సాప్‌లో ఎవరు తొలగించారో అందరికీ కనబడుతుంది కాబట్టి గ్రూపులో వేరే సంజాయిషీ అక్కర్లేదు. విడిగా రాసేది ఇలా ఉంటే చాలు: "అన్నా, నీ మెసేజీ తీసేశాను. మూడో నియమం ప్రకారం కులం పేరెత్తకూడదు. నీ మీద కోపం లేదు, రేపట్నుంచి మామూలే." తప్పేమిటో, ఏ నియమమో, ఇకముందేమిటో మూడూ అందులో ఉన్నాయి. రెండోసారి ఏడు రోజులు బయట. వాట్సాప్‌లో ఒక్క మనిషి నోరు మూయించే వీలు లేదు, తీసేసి ఎనిమిదో రోజున మళ్ళీ చేర్చుకోవాల్సిందే. ఆ తారీఖు ముందే చెప్పండి, చెప్పినట్టే చేర్చండి. టెలిగ్రామ్‌లోనైతే గడువు పెట్టి రాయకుండా ఆపొచ్చు. మూడోసారి శాశ్వతంగా.

ఏ మెట్టుకైనా ఇద్దరు అడ్మిన్లు ఒప్పుకోవాలి. ఒకరు కోపంలో ఉన్నప్పుడు రెండోవాళ్ళు నిద్రపోతూ ఉండొచ్చు, మంచిదే. రాత్రి పదకొండు దాటాక గొడవ రేగితే గ్రూపును "అడ్మిన్లు మాత్రమే రాయగలరు" అని మార్చి, "పొద్దున ఎనిమిదికి తెరుస్తాం" అని ఒక వాక్యం రాసి పడుకోండి. పొద్దున్నకి సగం గొడవ దానంతటదే చల్లారుతుంది.

బెదిరింపులు, ఆడవాళ్ళ మీద బూతులు, మోసపు లింకులకు మెట్లు లేవు, వెంటనే బయటికి. ఈ మినహాయింపు ముందే నియమాల్లో రాసి ఉండాలి. నియమాలు ఐదు వాక్యాలకు మించితే ఎవరూ చదవరు.

చట్టం సంగతి కూడా అడిగారు. సభ్యుడు పెట్టిన అభ్యంతరకర పోస్టుకు కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లోనూ, కేరళ హైకోర్టు 2022లోనూ చెప్పాయి. అడ్మిన్‌కూ అందులో చెయ్యి ఉంటే ఆ రక్షణ లేదు. అందుకని తొలగించేముందు స్క్రీన్‌షాట్ తీసి, తారీఖు వేసి, అడ్మిన్ల గ్రూపులో దాచుకోవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: గ్రూపులో చేరిన వారానికే మా చెల్లెలికి తెలియని నంబర్ల నుంచి "హాయ్" మెసేజీలు మొదలయ్యాయి. వాట్సాప్ వదిలి టెలిగ్రామ్‌కు మారాలా? (కె.ఆర్.పురం)

జవాబు: వాట్సాప్ గ్రూపులో చేరితే మీ నంబరు అందులో ఉన్న అందరికీ చేరినట్టే. టెలిగ్రామ్‌లో నంబరు ఎవరికీ కనబడకుండా పెట్టుకోవచ్చు, గ్రూపు రెండు లక్షల మంది దాకా సాగుతుంది, విషయాల వారీగా అరలు చేసుకోవచ్చు, కొత్తవాళ్ళకు పాత సందేశాలు కనిపించేలా పెట్టొచ్చు. ఇన్ని సౌకర్యాలున్నా మారమని చెప్పం. కారణం ఒక్కటే: జనం రోజుకు యాభై సార్లు తెరిచేది వాట్సాప్. టెలిగ్రామ్‌కు తరలిన గ్రూపుల్లో ఇంట్లో పెద్దవాళ్ళు, ఆడవాళ్ళు వెనకే ఉండిపోతారు, కుర్రాళ్ళు మాత్రమే మిగులుతారు.

మీ చెల్లెలి సమస్యకు నియమం కావాలి: "అనుమతి లేకుండా ఎవరికీ విడిగా మెసేజీ పెట్టరాదు. మొదట గ్రూపులోనే అడగండి." ఫిర్యాదు చెప్పుకోవడానికి ఒక మహిళా అడ్మిన్ తప్పనిసరి. పురుషులే అడ్మిన్లయిన చోట ఇలాంటి ఫిర్యాదులు అసలు రావు, ఆడవాళ్ళు చెప్పకుండా వెళ్ళిపోతారు. ఎవరైనా గ్రూపు వదిలితే ఆ కబురు ఇప్పుడు అడ్మిన్లకు మాత్రమే వెళ్తుంది. వరసగా ముగ్గురు నలుగురు మహిళలు వెళ్ళినట్టు కనిపిస్తే ఒకరికి ఫోన్ చేసి కారణం అడగండి.

ప్రశ్న: మా తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్నాం. తెలుగు మాట్లాడతాం, లిపి రాదు, కన్నడం చదువుకున్నాం. కొత్తగా హైదరాబాదు, గుంటూరు నుంచి వచ్చినవాళ్ళు మా మాటకు నవ్వుతున్నారు. గ్రూపులో రాయడం మానేశాం. (మల్లేశ్వరం)

జవాబు: నవ్వినవాళ్ళదే తప్పు, గ్రూపుదీ తప్పే. "ఒకరి యాసను ఎగతాళి చెయ్యరాదు" అన్న వాక్యం నియమాల్లో ఉండాలి, కులం మాట పక్కనే. "యాడికి పోతాండావప్పా" అన్నవాడూ, "ఎక్కడికెళ్తున్నారండీ" అన్నవాడూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు. పైగా ఈ ఊళ్ళో ఏ ఆఫీసులో ఏ కాగితం అడుగుతారో, ఏ వీధిలో నీళ్ళు ఎన్నింటికి వస్తాయో తెలిసినది మీకే. జవాబులు మీ దగ్గర ఉన్నాయి, ప్రశ్నలు కొత్తవాళ్ళ దగ్గర. మిమ్మల్ని పోగొట్టుకుంటే గ్రూపు గుడ్డిదవుతుంది.

అడ్మిన్లకు: తెలుగు లిపి, ఇంగ్లీషు అక్షరాల తెలుగు రెండూ రానివ్వండి. ముఖ్యమైన ప్రకటన మాత్రం రెండు లిపుల్లోనూ పెట్టండి. వాయిస్ మెసేజీ పెట్టేవాళ్ళు నిమిషం దాటకుండా, కింద సంగతేమిటో ఒక వాక్యం రాయాలి. లేకపోతే ఆఫీసులో కూర్చున్నవాళ్ళు వినరు, తర్వాత వెతికినా దొరకదు.

మీకు: కన్నడం చదివేవాళ్ళకు తెలుగు లిపి వారం పని. చాలా అక్షరాలు ఒక్కటే, తలకట్టు ఆకారం వేరు. క, త, శ లాంటి కొన్ని మాత్రమే విడిగా గుర్తుపెట్టుకోవాలి. గ్రూపులో వారానికి ఐదు అక్షరాలు పక్కపక్కన పెట్టే పని మీరే మొదలుపెట్టండి. కొత్తవాళ్ళకు అటునుంచి కన్నడ బోర్డులు చదవడం వచ్చేస్తుంది, బస్సులో పనికొస్తుంది.

ప్రశ్న: కలుద్దామంటే పోల్‌లో 80 మంది "వస్తాం" అని నొక్కుతారు, వచ్చేది పన్నెండు మంది. (వైట్‌ఫీల్డ్)

జవాబు: పోల్‌లో నొక్కడానికి ఖర్చులేదు. పన్నెండు మంది రావడం నిజానికి మంచి మొదలు.

ప్రతిసారీ "ఎప్పుడు కలుద్దాం?" అని అడగడం మానండి. నెలలో మొదటి ఆదివారం, పొద్దున పదింటికి, ఒకే చోట. ఇద్దరొచ్చినా జరుగుతుందని ప్రకటించి, ఆరు నెలలు తప్పకుండా జరపండి. చోటు మెట్రోకు దగ్గర్లో ఉండాలి, కబ్బన్ పార్కులాగా. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైన్లో నేరుగా కబ్బన్ పార్కు స్టేషనులో దిగొచ్చు. ఎలక్ట్రానిక్ సిటీవాళ్ళకు 2025 ఆగస్టులో ఎల్లో లైను వచ్చింది, ఆర్.వి.రోడ్డులో ఒకసారి, మెజెస్టిక్‌లో ఒకసారి మారాలి. పార్కులో ఊరికే కూర్చుని మాట్లాడుకోవడం వేరు, మైకు, బ్యానరు పెట్టి కార్యక్రమం చెయ్యడం వేరు. రెండోదానికి ఉద్యానవన శాఖ అనుమతి అడగండి. వానాకాలంలో ఎవరి అపార్ట్‌మెంటు హాలైనా చూసుకోండి.

ఇరవై మంది ఒకే వలయంగా కూర్చుంటే ఇద్దరే మాట్లాడతారు. నలుగురేసి విడగొట్టి, ప్రతి నలుగురిలో గ్రూపులో జవాబులు చెప్పే మనిషిని ఒకరిని కూర్చోబెట్టండి. చొక్కాకు అంటించే కాగితం మీద పేరు, కింద ఏరియా. గంటన్నరకు ముగించండి. ఫోటోలు గ్రూపులో పెట్టేముందు అడగండి, ముఖ్యంగా పిల్లలవి.

ప్రశ్న: ఆసుపత్రి ఖర్చులకు సాయం అడుగుతూ మెసేజీలు వస్తాయి. నిజమో కాదో తెలియదు. డబ్బు నా ఖాతాలోకి పంపమంటున్నారు. (హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

జవాబు: మీ ఖాతాలోకి ఒక్క రూపాయి రానివ్వకండి. మంచి అడ్మిన్లు చెడ్డపేరు తెచ్చుకునేది ఇక్కడే. లెక్క సరిగా ఉన్నా "మిగిలింది ఏం చేశాడు?" అన్న మాట పుడుతుంది.

పద్ధతి ఇది. రోగి పేరు, ఆసుపత్రిలో ఇచ్చిన రోగి నంబరు, ఖర్చు అంచనా కాగితం అడ్మిన్లకు విడిగా పంపాలి. గ్రూపులో వైద్య కాగితాలు పెట్టకండి, అది ఆ మనిషి సొంత విషయం. ఆసుపత్రి నంబరు మీరే వెతికి ఫోన్ చెయ్యండి, మెసేజీలో ఇచ్చిన నంబరుకు చెయ్యకండి. వీలైతే ఇద్దరు సభ్యులు వెళ్ళి చూసి రావాలి. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు, రోగి నంబరు రాసి పంపాలి. రోజూ సాయంత్రం ఎంత చేరిందో ఒక వాక్యం, చాలినంత చేరగానే "ఇక పంపకండి" అని ఇంకో వాక్యం.

తెలిసిన సభ్యుడి నంబరు నుంచే "అర్జెంటుగా 20 వేలు" అని వస్తే అతని వాట్సాప్ ఎవరో కాజేసి ఉండొచ్చు. ముందు గ్రూపులోంచి తీసెయ్యండి, తర్వాత మామూలు ఫోన్ కాల్ చేసి మాట్లాడండి. ఫోనుకు వాట్సాప్ పంపే ఆరంకెల కోడ్ ఎవరికీ చెప్పకూడదని, టూ-స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోవాలని ఏడాదికి రెండుసార్లయినా గుర్తుచెయ్యండి. డబ్బు పోయినవాళ్ళు ఎంత త్వరగా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బును ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఉగాది వేడుకలకు ఏటా చందాలు, హాలు అద్దెలు మొదలైతే మాత్రం సంఘంగా నమోదు చేసుకోండి. కర్ణాటకలో 1960 నాటి సంఘాల నమోదు చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. అప్పుడు సంఘం పేరిటే బ్యాంకు ఖాతా తెరవొచ్చు, ఇద్దరి సంతకం మీద నడుస్తుంది.

ప్రశ్న: ఆరేళ్ళుగా ఒక్కణ్ణే అడ్మిన్‌ని. వచ్చే నెల విదేశం వెళుతున్నాను. ఎవరికి, ఎలా అప్పగించాలి? (హెబ్బాళ)

జవాబు: ఇవాళే ఇద్దరిని అడ్మిన్లు చెయ్యండి. అడ్మిన్ ఎవరూ మిగలకుండా మీరు వెళ్ళిపోతే వాట్సాప్ తనకు తోచిన సభ్యుణ్ణి అడ్మిన్ చేస్తుంది. అతను చీరలమ్మే మనిషి కావచ్చు, ఊరు వదిలి మూడేళ్ళయిన మనిషీ కావచ్చు.

ఎంతమంది కావాలంటే, వెయ్యి మందికి నలుగురు లేదా ఐదుగురు. వారానికొకరు వంతు. ఒక అపార్ట్‌మెంటు వాళ్ళో ఒక జిల్లా వాళ్ళో అందరూ కాకుండా చూసుకోండి. ఎక్కువ మాట్లాడేవాళ్ళను పిలవకండి, గొడవ జరిగినప్పుడు ఊరుకుని మరుసటి రోజు సర్దిచెప్పినవాళ్ళను పిలవండి.

ఆరేళ్ళ జవాబులు మీ ఫోన్లో, మీ బుర్రలో ఉన్నాయి. అవి బయటికి రావాలి. ఫేస్‌బుక్ లాంటిదే అయిన ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. ఈమెయిల్ గ్రూపులు నడిపిన యాహూ గ్రూప్స్ 2019 డిసెంబరులో పాత సందేశాలను తుడిచేసి, మరుసటి ఏడాది పూర్తిగా ఆగిపోయింది. తెలుగువాళ్ళు వాటిలో రాసుకున్నది చాలా వరకు అలాగే పోయింది. వేరే చోట కాపీ ఉంచుకున్నవాళ్ళకే మిగిలింది. మూడు నెలలకోసారి చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. మరీ ఆలస్యం చేస్తే పాత సందేశాలు ఆ ఫైల్లోకి రాకపోవచ్చు. అయితే అది గడ్డివాము. దానికన్నా పనికొచ్చేది పది పేజీల డాక్యుమెంటు: ఎక్కువగా అడిగే ముప్పై ప్రశ్నలు, వాటికి వచ్చిన మంచి జవాబులు, చివరిసారి సరిచూసిన తారీఖు. ఫోన్ నంబర్లున్న చోట ఆ మనుషుల అనుమతి తీసుకుని ఉంచండి. దాని లింకు గ్రూపు వివరణలో పెట్టండి.

అప్పగింతకు నాలుగు వారాలు చాలు. మొదటి వారం కొత్తవాళ్ళు మీరు చేసేది చూస్తారు. రెండోవారం వాళ్ళు చేస్తారు, మీరు చూస్తారు. మూడోవారం నుంచి మీరు జవాబు చెప్పడం ఆపండి, ఎవరైనా మిమ్మల్నే పేరు పెట్టి అడిగినా కొత్త అడ్మిన్ పేరు తగిలించండి. నాలుగోవారం ఒకసారి గ్రూపు వదిలి, కొత్త అడ్మిన్ల చేత మామూలు సభ్యుడిగా మళ్ళీ చేర్పించుకోండి. తీసేసిన మనుషుల జాబితా, వాళ్ళను ఎందుకు తీశారన్న స్క్రీన్‌షాట్లు కొత్తవాళ్ళకు ఇవ్వడం మర్చిపోకండి. మీరు విమానం ఎక్కిన వారానికే వాళ్ళలో ఒకరైనా మళ్ళీ చేర్చుకోమని వస్తారు.